రోటర్ నిలకడకు ఏది మేలు: రంధ్రాల బుష్షా, గట్టి బుష్షా?

"రంధ్రాల బుష్‌లో నూనె లోపలికీ బయటికీ కదులుతుంది కదా, వైబ్రేషన్‌ని అదే మింగేస్తుంది" అనే మాట చాలాసార్లు విన్నాను. (బుష్ అంటే తిరిగే షాఫ్ట్‌ని లోపల పట్టుకునే గొట్టం. రంధ్రాల బుష్ గోడ నిండా నూనె పట్టే సన్నని రంధ్రాలుంటాయి, గట్టి బుష్ గోడకి ఉండవు.) వినడానికి సబబుగానే ఉంటుంది. లెక్క వేస్తే మాత్రం నిలబడదు. తేలికైన రోటర్‌ని (షాఫ్ట్‌తో కలిసి తిరిగే భాగాన్ని) వేగంగా తిప్పబోయేవాళ్లు ఈ నమ్మకంతో బుష్ ఎంచుకుంటే తర్వాత ఇబ్బంది పడతారు.

ముందు జబ్బేమిటో చూద్దాం. షాఫ్ట్‌ని అంటుకున్న నూనె షాఫ్ట్ వేగంతో పోతుంది, బుష్‌ని అంటుకున్నది కదలదు. సగటున పొర అంతా సగం వేగంతో తిరుగుతుంది. షాఫ్ట్ ఒక పక్కకి జరిగితే ఈ పొర దాన్ని నేరుగా వెనక్కి నెట్టడంతో ఆగదు, అడ్డంగా కూడా తోస్తుంది. ఆ అడ్డం తోపుడుకే షాఫ్ట్ బుష్ లోపల చుట్టూ తిరగడం మొదలుపెడుతుంది. దీన్నే ఆయిల్ వర్ల్ అంటాం. 3000 ఆర్‌పీఎం మెషీన్ మీద వైబ్రేషన్ మీటర్ పెడితే 50 హెర్ట్జ్ (సెకనుకు 50 చుట్లు) దగ్గర మామూలు గీత ఉంటుంది. దానికి ఎడమ పక్కన 21 నుంచి 24 హెర్ట్జ్ మధ్యలో ఇంకో గీత లేస్తే అనుమానం దీని మీదే. వేగం మొదటి క్రిటికల్ స్పీడ్‌కి (రోటర్ తన సహజ పౌనఃపున్యంతో ఊగిపోయే వేగానికి) దాదాపు రెట్టింపు అయ్యేసరికి ఆ గీత రోటర్ సహజ పౌనఃపున్యం దగ్గర అతుక్కుపోతుంది. ఇంకా వేగం పెంచినా అక్కడి నుంచి కదలదు, ఎత్తు మాత్రం పెరుగుతుంది. అది ఆయిల్ విప్. న్యూకర్క్, టేలర్ అనే పరిశోధకులు 1925లోనే దీన్ని నూనె పొర చేసే పనిగా వివరించారు.

ఇక అసలు ప్రశ్న. గోడకి రంధ్రాలుంటే ఈ సగం వేగపు గుణం పోతుందా? పోదు. నూనె పొరలో ఒత్తిడి పుట్టేది రెండు దారుల్లో: షాఫ్ట్ తిరుగుతూ నూనెని ఇరుకులోకి లాక్కెళ్లడం ఒకటి, షాఫ్ట్ జరుగుతూ నూనెని నొక్కడం రెండోది. షాఫ్ట్ కేంద్రం సరిగ్గా సగం వేగంతో చుట్టూ తిరిగితే ఈ రెండూ ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి, ఆపే ఒత్తిడే మిగలదు. రంధ్రాలు చేసేదల్లా పుట్టిన ఒత్తిడిని కారిపోనివ్వడం. 1957లో మోర్గాన్, కామెరాన్ ఇచ్చిన సిద్ధాంతంలో రంధ్రాల ప్రభావం కనిపించేది ఆ కారే వైపే, పుట్టే వైపు కాదు. కాబట్టి అడ్డం తోపుడు తగ్గినంత నిష్పత్తిలోనే డ్యాంపింగ్ (ఊగిసలాటని అణిచే గుణం) కూడా తగ్గుతుంది. పైగా రంధ్రాల గోడ మీద నూనె కాస్త జారితే, ఆ అంచున వేగం సున్నాగా ఉండదు, సగటు వేగం సగం దాటుతుంది. అది నిలకడకి చెరుపే.

కారడం ఎంతో ఒక లెక్క చూడండి. గోడ మందం 2 మిల్లీమీటర్లు, పెర్మియబిలిటీ (గోడ గుండా నూనె పారే వీలు) 0.1 చదరపు మైక్రాన్, బుష్ వెలుపలి వైపు హౌసింగ్‌లో బిగుతుగా కూర్చుంది అనుకుందాం. పొర గుండా నూనె పోయే వీలు క్లియరెన్స్ (షాఫ్ట్‌కీ బుష్‌కీ మధ్య సందు) ఘనాన్ని బట్టి ఉంటుంది. గోడ గుండా పోయేది పన్నెండు రెట్లు పెర్మియబిలిటీ ఇంటూ మందం, అంటే 2400 ఘన మైక్రాన్లు. రేడియల్ క్లియరెన్స్ 10 మైక్రాన్లయితే పొర వాటా 1000 మాత్రమే. అంటే పొర కన్నా గోడే ఎక్కువ దారి ఇస్తోంది! క్లియరెన్స్ 20 అయితే పొర వాటా 8000, గోడది అదే 2400. ఒత్తిడి లెక్కలో దీని ఫలితం ఏమిటంటే, గట్టి బుష్‌లో క్లియరెన్స్‌ని 20 నుంచి 10కి తగ్గిస్తే ఒత్తిడి నాలుగు రెట్లవుతుంది, ఈ రంధ్రాల బుష్‌లో ఒకటిన్నర రెట్లే. బిగించినకొద్దీ లాభం కరిగిపోతుంది. క్లియరెన్స్ బిగించి వర్ల్‌ని అణచాలని చూసినవాళ్లకి ఇక్కడ నిరాశ ఎందుకు ఎదురవుతుందో నాకు అర్థమైంది ఈ లెక్క వేశాకే.

అయితే రంధ్రాల వైపు కూడా ఒక మాట ఉంది. మోసే శక్తి తగ్గినందువల్ల అదే బరువుకి షాఫ్ట్ ఇంకాస్త కిందికి దిగి, బుష్ గోడకి దగ్గరగా నడుస్తుంది. గుండ్రటి బుష్‌లో షాఫ్ట్ కేంద్రం క్లియరెన్స్‌లో సుమారు ముప్పావు వంతు దాటి దిగితే వర్ల్ సాధారణంగా రాదు. అందుకే బరువు బాగా పడే చోట రంధ్రాల బుష్ నిలకడగా నడిచినట్టు కనిపిస్తుంది. ఆ నిలకడ బరువు ఇచ్చింది. పైగా దానికి చెల్లించే ధర లోహం లోహానికి రాసుకోవడం, ఎందుకంటే వాడకంలో ఈ బుష్‌లలో చాలావాటికి పూర్తి పొర ఏర్పడదు.

నా ఎంపిక ఇలా ఉంటుంది. చిన్న మోటారు, ఓ మోస్తరు వేగం, నూనె పోసే వీలు లేని చోటు, మాటిమాటికీ ఆగి నడిచే పని అయితే సింటర్డ్ బ్రాంజ్ (కంచు పొడిని నొక్కి కాల్చి చేసిన) రంధ్రాల బుష్షే. వేడెక్కితే నూనె బయటికి ఊరుతుంది, ఆగాక రంధ్రాలు మళ్లీ పీల్చుకుంటాయి. ఆ సుఖం గట్టి బుష్ ఇవ్వలేదు. ఉపరితల వేగం సెకనుకు 6 మీటర్లు దాటకుండా చూసుకోవాలి. 10 మిల్లీమీటర్ల షాఫ్ట్‌కి అది దాదాపు 11,400 ఆర్‌పీఎం. బుష్ లోపల రీమర్ (గీకి సైజు సరిచేసే పనిముట్టు) మాత్రం పెట్టొద్దు. లోపలి రంధ్రాలు పూడిపోతాయి, నూనె ఊరదు.

నూనె సరఫరా ఉండి, వేగం క్రిటికల్ స్పీడ్‌కి రెట్టింపు వైపు పోయే రోటర్ అయితే గట్టి బుష్. పొర నిండుగా ఉంటుంది, డ్యాంపింగ్ చేతిలో ఉంటుంది, క్లియరెన్స్ మార్చితే ఫలితం కనిపిస్తుంది. వర్ల్ వస్తే బుష్ పొడవు తగ్గించి దాని మీద బరువు వల్ల పడే ఒత్తిడి పెంచవచ్చు, పల్చటి నూనె వేసి చూడవచ్చు.

నిలువు షాఫ్ట్ సంగతి వేరు. రోటర్ బరువు బుష్ మీద పడదు, షాఫ్ట్ మధ్యలోనే తేలుతుంది, వర్ల్‌కి అంతకన్నా అనువైన చోటు లేదు. అక్కడ రంధ్రాలున్నదైనా లేనిదైనా గుండ్రటి బుష్ నేను వెయ్యను. లోబ్‌లున్న (లోపలి గోడ ఒకే గుండ్రం కాక కొన్ని వంపులుగా ఉన్న) బుష్‌కో, అడ్డం తోపుడు దాదాపు లేని టిల్టింగ్ ప్యాడ్‌కో (వాలగలిగే విడి పలకలున్న బేరింగ్‌కో) వెళ్తాను.