మొదటిసారి డౌన్‌హిల్: విస్లర్ మేలా, స్క్వామిష్ మేలా?

వాంకూవర్ నుంచి 99వ నంబరు హైవే పట్టుకుని ఉత్తరానికి వెళ్తే సగం దారిలో స్క్వామిష్, 120 కిలోమీటర్ల దగ్గర విస్లర్ వస్తాయి. కెనడాలోని ఈ రెండు ఊళ్లకీ మౌంటెన్ బైక్, అంటే కొండదారుల సైకిల్ తొక్కేవాళ్లలో పేరుంది. ముఖ్యంగా డౌన్‌హిల్‌కి, అంటే ఆ సైకిల్ మీద కొండ పైనుంచి కిందికి దిగే ఆటకి. వాంకూవర్, సర్రే, సియాటిల్‌లలో ఉంటూ కొత్తగా ఈ సరదాలో పడిన మనవాళ్లకి వచ్చే సందేహం ఒకటే: స్క్వామిష్‌లో టికెట్టే లేదు, ఇంకా పైకి వెళ్లి విస్లర్ బైక్ పార్కులో డబ్బు పోయడం ఎందుకు?

ఖర్చు ఒక్కటే చూస్తే స్క్వామిష్‌దే గెలుపు. విస్లర్‌లో మనిషినీ బైకునీ కొండ మీదికి చేర్చే లిఫ్ట్‌కి టికెట్, అద్దె బైకు, ఫుల్ ఫేస్ హెల్మెట్, మోకాళ్లకీ మోచేతులకీ ప్యాడ్లు అన్నీ కలిపితే ఒక్క రోజుకే జేబు ఖాళీ. అయినా మొదటిసారికి నా ఓటు విస్లర్‌కే.

కారణం లిఫ్ట్. స్క్వామిష్‌లో హాఫ్ నెల్సన్ లాంటి చక్కటి ట్రైల్ (బైకు దారి) దిగాలన్నా ముందు కొండ మీదికి సొంతంగా తొక్కుకుంటూ ఎక్కాలి. కొత్తవాళ్లకి రోజంతా కలిపి ఒకటి రెండు సార్లు దిగడమే గొప్ప. అదీ కాళ్లు పీకుతూ, ఊపిరి అందకుండా పైకి చేరాక. విస్లర్‌లో బైకు లిఫ్ట్‌కి తగిలించి మీరు కూర్చుంటే చాలు, దిగిన మలుపులోకే మళ్లీ దిగొచ్చు. మొదట మలుపు మధ్యలో బ్రేకు నొక్కేస్తారు. నాలుగైదు సార్లయ్యాక బ్రేకు మలుపుకి ముందే వేయాలని, చూపు ముందు చక్రం మీద కాక మలుపు దాటాక వచ్చే దారి మీద ఉండాలని ఒంటికే తెలుస్తుంది. ఎన్ని వీడియోలు చూసినా ఇది రాదు.

రెండో కారణం, కష్టాన్ని మెట్టు మెట్టుగా పెంచుకునే వీలు. తేలిక దారికి వేసే ఆకుపచ్చ గుర్తున్న ఈజీ డజ్ ఇట్, తర్వాత మధ్యస్థమైన దారికి వేసే నీలం గుర్తున్న బీ-లైన్, ఆ పైన జంపులున్న క్రాంక్ ఇట్ అప్. అందరూ ఫొటోలు పెట్టే ఏ-లైన్‌ది కష్టమైన దారికి వేసే నల్ల వజ్రం గుర్తు. దాని జంపులు ఎక్కువగా టేబుల్ టాప్‌లే, అంటే మధ్యలో గొయ్యి ఉండదు, ఎగరలేకపోతే మీదుగా దొర్లిపోవచ్చు. అలాగని మొదటి రోజే అటు పోకండి. ఇంకో సంగతి: ఇవన్నీ యంత్రాలతో చదును చేసిన దారులు. ష్లేయర్ లాంటివి చెట్ల వేళ్లూ రాళ్లూ నిండిన దారులు. చదును దారిలో బాగా తొక్కాం కదా అని ఇక్కడా తొక్కేయగలమనుకోవద్దు. వాన పడితే ఆ వేళ్ల మీద సబ్బు రాసినట్టే.

విస్లర్‌కి లోట్లూ ఉన్నాయి. వారాంతాల్లో లిఫ్ట్ దగ్గర పెద్ద క్యూ. వేసవి ముదిరేకొద్దీ అందరూ బ్రేకు వేసే చోట నేల గుంటలు పడి, ముంజేతులు బిగుసుకుపోతాయి. సొంత బైకు ఉన్నా అక్కడ డౌన్‌హిల్ బైకు అద్దెకు తీసుకోవడమే నయం. కుదుపుల్ని పీల్చుకునే దాని 200 మిల్లీమీటర్ల సస్పెన్షన్ కొత్తవాళ్ల చాలా తప్పుల్ని మింగేస్తుంది.

ఇప్పటికే అడవి దారుల్లో తొక్కే అలవాటుండి, ఎక్కడం కూడా ఇష్టమైతే స్క్వామిష్‌కే వెళ్లండి. రద్దీ తక్కువ, చెట్ల మధ్య రోజంతా మీదే. ట్రైళ్లను చాలావరకు స్థానిక క్లబ్బు వలంటీర్లే చూసుకుంటారు, కాబట్టి ఉచితమే కదా అని వచ్చేయకుండా వాళ్లకి కొంత విరాళం ఇవ్వడం మర్యాద. వాంకూవర్ పక్కనే ఉన్న నార్త్ షోర్ దగ్గరే కానీ, ఆ నిటారు దారులూ చెక్క వంతెనలూ కొత్తవాళ్లకి కావు.

ఊరి నుంచి అమ్మానాన్నలు వచ్చి ఉంటే ఆలోచించే పనే లేదు, విస్లరే. మీరు తొక్కుతుంటే వాళ్లు రెండు కొండల్ని కలిపే 4.4 కిలోమీటర్ల పీక్ టు పీక్ గొండోలా (తీగ మీద వేలాడుతూ వెళ్లే పెట్టె) ఎక్కొచ్చు. పార్కు సాధారణంగా మే నెల మధ్య నుంచి అక్టోబర్ మొదటి వారాల దాకా ఉంటుంది. వారం మధ్యలో సెలవు పెట్టి వెళ్లండి. సియాటిల్ వాళ్లు బయల్దేరే ముందు తమ ఇన్సూరెన్సు కెనడాలో, అందులోనూ బైక్ పార్కులో పనిచేస్తుందో లేదో చూసుకోవాలి.