ఇల్లు కట్టించుకునేవారికి హెచ్చరిక: ‘డిజైన్ ఉచితం’ అనే ప్యాకేజీల మీద సంతకం పెట్టేముందు ఇది చదవండి

చదరపు అడుగుకు ఇంత అని ఒక్క రేటు చెప్పి, ప్లాను, త్రీడీ ఎలివేషన్, ఆర్కిటెక్ట్ సేవలు అన్నీ ఉచితమనే నిర్మాణ సంస్థలు హైదరాబాద్ శివార్లలో ఇప్పుడు కుప్పలుగా ఉన్నాయి. ఉప్పల్ దాటితే ప్రతి మలుపులో ఒక ఫ్లెక్సీ. అలాంటి ఒక సంస్థ చేతిలో మా చెల్లెలి కుటుంబం పడిన పాట్లు కళ్ళారా చూశాను కాబట్టి రాస్తున్నాను. సంస్థ పేరు రాయడం లేదు. వ్యవహారం వినియోగదారుల కమిషన్ ముందుంది. అయినా పేరు తెలిసి ఒరిగేది తక్కువ, పద్ధతి తెలిస్తేనే పనికొస్తుంది.

స్థలం 200 గజాలు, పడమర ముఖం. కింద పార్కింగ్, పైన రెండు అంతస్తులు. పూర్తి డ్రాయింగులకు, నిర్మాణ సమయంలో పర్యవేక్షణకు కలిపి ఒక ఆర్కిటెక్ట్ రెండు లక్షల చిల్లర అడిగారు. అదే సమయంలో ఈ సంస్థవాళ్ళు చదరపు అడుగుకు 2,050 రూపాయలు, డిజైన్ ఉచితం అన్నారు. మా మరిది లెక్క తేలిపోయింది. “ఆర్కిటెక్ట్ అంటే ఆర్ట్స్ కాలేజీ లాంటివి కట్టేవాళ్ళకు కావాలి వదినా, మన 200 గజాలకు గీయడానికి ఏముంటుంది?” అన్నాడు. ఉస్మానియా ఆర్ట్స్ కాలేజీకి బెల్జియం నుంచి వచ్చిన ఎర్నెస్ట్ జాస్పర్, హైకోర్టుకు విన్సెంట్ ఎష్ ఉన్నారంటే అందరం ఒప్పుకుంటాం. మన ఇంటి దగ్గరికి వచ్చేసరికి మేస్త్రి చాలంటాం. నిజానికి స్థలం ఎంత చిన్నదైతే గీత అంత కచ్చితంగా ఉండాలి. ఎకరంలో మూడడుగులు తప్పితే సర్దుకోవచ్చు, 200 గజాల్లో మూడడుగులు పోతే ఒక గది పోయినట్టే.

సంస్థ తరఫున వచ్చినాయన విజిటింగ్ కార్డు మీద ‘ప్రిన్సిపల్ ఆర్కిటెక్ట్’ అని ఉంది. రిజిస్ట్రేషన్ నంబరు లేదు. అడిగితే “ఆఫీసులో ఉంటుంది మేడమ్, పంపిస్తాను” అన్నాడు. ఈనాటికీ పంపలేదు.

చేతికి వచ్చినదేమిటంటే అంతస్తుకొక ప్లాను, ఒక రంగుల ఎలివేషన్ బొమ్మ. బొమ్మ బాగుంది, కాదనను. సాయంకాలపు ఆకాశం, బాల్కనీలో పూలకుండీలు, గేటు ముందు ఏదో విదేశీ కారు. సెక్షన్ మాత్రం లేదు. సెక్షన్ అంటే ఇంటిని పైనుంచి కిందికి నిలువునా కోస్తే లోపల ఎత్తులు ఎలా ఉంటాయో చూపే డ్రాయింగు. అది లేకపోవడం వల్ల ఏమైందో మెట్ల దగ్గర తెలిసింది. మొదటి అంతస్తుకు ఎక్కుతుంటే ల్యాండింగ్ (మెట్లు మలుపు తిరిగే చోటి చదును) బీమ్ మా మరిది నుదుటికి తగిలేంత కిందికి వచ్చింది. జాతీయ భవన నిర్మాణ నియమావళి ప్రకారం మెట్ల కింద, ల్యాండింగ్ కింద కనీసం 2.2 మీటర్ల ఎత్తు వదలాలి. ఇళ్ళలో ఒక్కో మెట్టు ఎత్తు 190 మిల్లీమీటర్లు దాటకూడదు, అడుగు వేసే చోటు 250 మిల్లీమీటర్లకు తగ్గకూడదు. ఇక్కడ మెట్టు ఎత్తు ఎనిమిది అంగుళాలు దాటింది, అదీ ఒక్కో మెట్టుకు ఒక్కో కొలత. మోకాళ్ళ నొప్పులున్న మా అమ్మ ఎక్కాల్సిన మెట్లవి. అడిగితే మేస్త్రి “ప్లానులో మెట్లున్నాయి, ఎత్తు రాయలేదు” అన్నాడు. అతని మాటలో అబద్ధం లేదు.

ఈ ఉచితంలో అసలు మెలిక ఇదే. వివరంగా గీసిన డ్రాయింగు లేకపోతే, పని తప్పుగా జరిగిందని నిరూపించడానికి మీ చేతిలో ఆధారం ఉండదు. కిటికీ ఎంత ఎత్తులో ఉండాలి, స్విచ్ బోర్డు ఎక్కడ రావాలి, బాత్రూమ్ వాలు ఎటు ఉండాలి అన్నవి ఎక్కడా కాగితం మీద లేవు. లేనివాటిని ఉల్లంఘించడం కుదరదు కదా! ఒప్పందంలో సిమెంటు, స్టీలు, టైల్స్, వైర్ల బ్రాండ్ల పేర్లు గొప్పగా రాశారు. ప్రతి పేరు పక్కనా ‘లేదా తత్సమానమైనది’ అని చేర్చారు. ఏది దేనికి సమానమో తేల్చేది ఎవరు? సంస్థ ఇంజినీరే.

రెండో మెలిక చదరపు అడుగు లెక్కలో ఉంది. విస్తీర్ణం పెరిగితే బిల్లు పెరిగే మనిషే ప్లాను గీస్తుంటే ఇల్లు ఎటు పెరుగుతుందో ఊహించుకోండి. పక్కన వదలాల్సిన ఖాళీ స్థలంలోకి బాల్కనీలు పొడుచుకొచ్చాయి. పార్కింగుకు సగం రేటు, టెర్రస్ మీది మెట్ల గదికి పూర్తి రేటు. సంపు, ప్రహరీ, సెప్టిక్ ట్యాంకు ఆ 2,050లో లేవట, అన్నీ అదనం. ఇంత చేసి పిల్లర్లు ఎక్కడ పడ్డాయో చూస్తే, పార్కింగులో ఒక కారు తిరగాలంటే మరో కారు వీధిలోకి వెళ్ళాలి.

బాల్కనీల సంగతి డబ్బుతో పోయేది కాదు. తెలంగాణలో 2020 నవంబరులో టీఎస్ బీపాస్ పేరుతో మొదలైన ఆన్‌లైన్ భవన అనుమతుల విధానంలో 500 చదరపు మీటర్ల లోపు స్థలానికి, 10 మీటర్ల ఎత్తు లోపు ఇంటికి స్వీయ ధ్రువీకరణ మీద వెంటనే అనుమతి వస్తుంది. సౌకర్యమే. కానీ స్వీయ ధ్రువీకరణ అంటే నిబంధనలు పాటిస్తానని ఇంటి యజమాని రాసివ్వడం. తప్పని తేలితే ముందస్తు నోటీసు లేకుండానే కూల్చే అధికారం చట్టం ఇచ్చింది. ఈ సంస్థవాళ్ళు అనుమతికి పెట్టిన ప్లాను ఒకటి, సైటులో మేస్త్రికి ఇచ్చినది మరొకటి. రెండోది ఎవరి బుర్రలో పుట్టినా మొదటిదాని కింద ఉన్నది మా చెల్లెలి సంతకం.

వంటింటి గురించి రాయకపోతే చెల్లెలు ఊరుకోదు. ఆగ్నేయంలోనే పెట్టారు, వాస్తుకు లోటు రానివ్వలేదు. (ఏ లోపం చూపించినా “వాస్తు ప్రకారం అలాగే రావాలి మేడమ్” అనడం వీళ్ళకు బాగా అలవాటు. ల్యాండింగ్ బీమ్‌కు కూడా అదే చెప్పారు!) వంటింటికి ఉన్న ఒక్క కిటికీ రెండడుగుల డక్ట్‌లోకి (పైపుల కోసం వదిలిన ఇరుకు సందులోకి) తెరుచుకుంటుంది. బాత్రూమ్ వెంటిలేటర్ కూడా అదే డక్ట్‌లోకి. పోపు పెడితే ఘాటు ఇల్లంతా తిరుగుతుంది, బాత్రూమ్ వాసన వంటింట్లోకి వస్తుంది. ఇక ఎలివేషన్ బొమ్మలో అంత మెరిసిన పడమటి గాజు గోడకు సన్‌షేడ్ అన్నదే లేదు. ఏప్రిల్ నుంచి సాయంత్రం అయిదింటికి హాల్లో కూర్చోలేరు. ఎండను గీతతో ఆపడం మన ఊరికి కొత్త విద్య కూడా కాదు. ఛార్లెస్ కొరియా 1960లలో ఇక్కడి ఈసీఐఎల్ కార్యాలయ భవనాన్ని ఎండవేడిని తగ్గించడమే ప్రధానంగా పెట్టుకుని రూపొందించారు. పాతబస్తీలోని పాత ఇళ్ళకు నడిమి వాకిళ్ళు ఊరికే రాలేదు.

గోడలు లేచాక, ప్లాస్టరింగ్ మొదలయ్యేముందు, నా పట్టుదల మీద బయటి ఆర్కిటెక్ట్‌ను పిలిపించాం. మాసబ్ ట్యాంక్‌లోని ఆర్కిటెక్చర్ కళాశాలలో చదివి, ఇరవై ఏళ్ళకు పైగా వృత్తిలో ఉన్న ఆవిడ. ముందుగా ఫీజు ఎంతో, దానికి ఏమేమి చేస్తారో, ఏమి చేయరో రాసిచ్చారు. ఆ తర్వాతే టేపు తీశారు. పునాదుల స్ట్రక్చరల్ డ్రాయింగు చూడగానే మూలన ఉన్న ప్లాటు నంబరు మీద వేలు పెట్టారు. అది మా చెల్లెలి ప్లాటు కాదు, వేరే ఎవరిదో. ఇంకొకరి ఇంటికి వేసిన పునాది లెక్కను ఇక్కడ దించేశారు. మట్టి పరీక్ష చేయనే లేదు. ఆవిడ తన పరిధి దాటి మాట్లాడకుండా ఒక స్ట్రక్చరల్ ఇంజినీరును రప్పించారు. ఆయన పిల్లర్లు, పునాదులు పరీక్షించి, అదృష్టవశాత్తూ భారం మోస్తాయని తేల్చారు. పైపు కోసం ప్లంబరు చెక్కేసిన ఒక బీమ్‌కు మాత్రం మరమ్మతు చెప్పారు.

పునాది మన సొంత గొడవ అనుకోవడానికి లేదు. 2024 నవంబరులో గచ్చిబౌలి సిద్ధిఖ్‌నగర్‌లో పక్క స్థలంలో గుంత తవ్వుతుండగా ఒక బహుళ అంతస్తుల భవనం ఒరిగిపోయింది. అందులోవాళ్ళు కట్టుబట్టలతో బయటికి పరిగెత్తారు, చివరికి ఆ భవనాన్ని అధికారులే కూల్చేశారు. గోడకు గోడ ఆనించి కట్టుకునే మన కాలనీల్లో ఒకరి ప్లానులోని తప్పు పక్కింటివాళ్ళ నెత్తిన పడుతుంది.

మెట్లు ఒక వరుస పగలగొట్టి మళ్ళీ పోశారు. వంటింటికి వెనక గోడలో కిటికీ తెరిచారు, పడమట లోతైన సన్‌షేడ్ వేశారు, హద్దు దాటిన బాల్కనీ ముక్క తీసేశారు. మొత్తం మూడున్నర లక్షలు, ఆవిడ ఫీజు కాక. టైల్స్ దుకాణంలో నేను గమనించిన ఒక విషయం చెబుతాను. దుకాణదారు ఆవిడను పక్కకు పిలిచి ఏదో అన్నాడు. ఆవిడ అందరికీ వినిపించేలా “నాకు ఇవ్వాలనుకున్నది వాళ్ళ బిల్లులో తగ్గించండి” అన్నారు. అది ఆవిడ మంచితనం ఒక్కటే కాదు, వృత్తి నియమం కూడా. 1989 నాటి ఆర్కిటెక్టుల వృత్తి ప్రవర్తన నియమావళి కమిషన్లు పుచ్చుకోవడాన్ని నిషేధిస్తుంది, ఫీజు షరతులు ముందే చెప్పాలంటుంది, సేవలను ప్రకటనలతో అమ్ముకోకూడదంటుంది. కాబట్టి కరెంటు స్తంభాలకు తన పేరు కట్టించుకునే ‘ఆర్కిటెక్ట్’ను చూస్తే మొదటి అనుమానం అక్కడే రావాలి. ఆర్కిటెక్టుల్లో చెడ్డవాళ్ళు లేరనడం లేదు. ఉన్నారు. కానీ నియమం తప్పితే ఫిర్యాదు చేయడానికి వాళ్ళకు ఒక కౌన్సిల్ ఉంది. ఫ్లెక్సీ ఆర్కిటెక్ట్ మీద వృత్తిపరంగా ఎవరికి ఫిర్యాదు చేస్తారు?

చట్టం సంగతి కూడా స్పష్టంగా తెలుసుకోండి, ఎందుకంటే ఈ సంస్థల ఆటంతా అక్కడే ఉంది. 1972 ఆర్కిటెక్టుల చట్టం ప్రకారం కౌన్సిల్ ఆఫ్ ఆర్కిటెక్చర్‌లో నమోదైనవారు తప్ప ఇతరులు తమను ఆర్కిటెక్ట్ అని చెప్పుకోకూడదు. అయితే 2020 మార్చిలో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు ప్రకారం ఈ రక్షణ ఆ హోదాకే. నమోదు లేనివారు భవనాలకు డిజైన్ చేసే పని చేయకూడదని చట్టం అనడం లేదు. అంటే గీయడం ఎవరైనా గీయవచ్చు, ఆర్కిటెక్ట్‌నని మాత్రం అనకూడదు. ఎవరు ఎవరో చూసుకునే భారం మన మీదే పడింది. నమోదు సంఖ్య సీఏ అక్షరాలతో మొదలై, నమోదైన సంవత్సరం, తర్వాత వరుస సంఖ్యతో ఉంటుంది. కౌన్సిల్ వెబ్‌సైటులో పేరుతోనో నంబరుతోనో వెతికితే నిమిషంలో తేలుతుంది. నమోదు వ్యక్తికే ఉంటుంది, కాబట్టి ‘మా కంపెనీకి రిజిస్ట్రేషన్ ఉంది’ అంటే నమ్మకండి. మున్సిపల్ అనుమతి కోసం ఫైలు పెట్టే లైసెన్సు ఉన్న టెక్నికల్ పర్సన్‌నో, కాంక్రీటు లెక్కలు వేసే స్ట్రక్చరల్ ఇంజినీరునో చూపించి ఆర్కిటెక్ట్ అని పరిచయం చేయడం కూడా జరుగుతోంది. ఇంజినీరు లేకుండా ఇల్లు నిలబడదు, ఆయన విద్యను తక్కువ చేయడం నా ఉద్దేశం కాదు. కానీ మీ వంటింట్లోకి గాలి ఎటునుంచి రావాలో ఆలోచించడం ఆయన పని కాదు.

ఇంకొక మాట ఎవరూ చెప్పరు. అపార్టుమెంటు కొన్నవాళ్ళకు రెరా (స్థిరాస్తి నియంత్రణ చట్టం) ఉందని అందరికీ తెలుసు. సొంత స్థలంలో కాంట్రాక్టుకు ఇచ్చి కట్టించుకునే ఇంటికి రెరా వర్తించదు. మీకున్న దారి వినియోగదారుల కమిషన్. 2019 వినియోగదారుల రక్షణ చట్టంలో ఇంటి నిర్మాణాన్ని ‘సేవ’ కిందే చేర్చారు. మీరు చెల్లించిన మొత్తం 50 లక్షలు దాటకపోతే జిల్లా కమిషన్‌కే వెళ్ళవచ్చు, ఇ-జాగృతి పోర్టల్‌లో ఇంటి నుంచే వేయవచ్చు. తగాదా మొదలైన నాటి నుంచి రెండేళ్ళ గడువు ఉంటుంది. ‘చేసిస్తాం, చేసిస్తాం’ అంటూ ఆ రెండేళ్ళూ గడిపేయడం కొన్ని సంస్థలకు తెలిసిన విద్యే. ముందు జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైను 1915కు ఫోను చేసి ఫిర్యాదు నమోదు చేయించండి.

మా ఫిర్యాదులో గట్టిగా నిలబడుతున్నవి మూడే కాగితాలు. వేరే ప్లాటు నంబరున్న ఆ స్ట్రక్చరల్ డ్రాయింగు, ‘ప్రిన్సిపల్ ఆర్కిటెక్ట్’ అన్న విజిటింగ్ కార్డు, ఆర్కిటెక్ట్ ఫొటోలతో, కొలతలతో ఇచ్చిన రాతపూర్వక నివేదిక. వాట్సాప్‌లో వాళ్ళు ఇచ్చిన హామీలు చాలా ఉన్నాయి గానీ వాటిలో సగం వాయిస్ మెసేజ్‌లు, మరికొన్ని తర్వాత తొలగించారు. కాబట్టి ఇప్పటికే ఇలాంటి ఒప్పందంలో ఉన్నవారు తర్వాతి స్లాబుకు డబ్బు విడుదల చేసేముందు సెక్షన్ డ్రాయింగు, మట్టి పరీక్ష నివేదిక, మీ ప్లాటు నంబరుతో ఇంజినీరు సంతకం చేసిన స్ట్రక్చరల్ డ్రాయింగులు ఈమెయిల్‌లో అడగండి. వాటికి వచ్చే జవాబు కూడా ఈమెయిల్‌లోనే తీసుకోండి.