కెనడా జిమ్నాస్ట్‌కు ఏ దారి: అమెరికా విశ్వవిద్యాలయమా, సొంత ఊరా?

ఖర్చు: అమెరికాలో పూర్తి స్కాలర్‌షిప్ దొరికితే చదువు, వసతి భారం తీరుతుంది, స్వదేశంలో ఉంటే అందులో చాలా భాగం కుటుంబమే మోయాలి.

శ్రమ: అమెరికా విశ్వవిద్యాలయ జట్లకు జనవరి నుంచి ఏప్రిల్ దాకా దాదాపు ప్రతి వారం పోటీ ఉంటుంది, గరిష్ఠ మార్కు 10 కనుక తప్పులేని ప్రదర్శనకే విలువ, అంతర్జాతీయ పోటీల్లో మాత్రం విన్యాసం ఎంత కఠినమైతే మార్కులు అంతగా పెరుగుతాయి. ఈ రెండింటికీ ఒకే శరీరాన్ని సిద్ధం చేయడమే అసలు కష్టం, అయినా అమెరికాలోని అలబామా విశ్వవిద్యాలయ జట్టులో నుంచే కెనడా జిమ్నాస్ట్ షాలన్ ఓల్సెన్ టోక్యో ఒలింపిక్స్‌కు చేరింది.

గాయాల భయం రెండు దారుల్లోనూ ఉంది. కెనడాలోని తన సొంత ఊరు హాలిఫాక్స్‌లోనే సాధన చేసి 2017 మాంట్రియల్ ప్రపంచ పోటీల్లో ఆల్‌అరౌండ్ (అన్ని విభాగాల మార్కులూ కలిపే పోటీ) రజతం గెలిచిన ఎల్లీ బ్లాక్, టోక్యోలో చీలమండ గాయంతోనే బీమ్ (సన్నని దూలంపై చేసే విన్యాసం) విభాగంలో 4వ స్థానంలో నిలిచిన తీరు నన్ను ఇప్పటికీ కదిలిస్తుంది.

నమ్మిన కోచ్ సొంత ఊళ్లోనే ఉండి, ఒలింపిక్సే లక్ష్యమైతే అక్కడే ఉండటం మేలు. చదువు ఖర్చే అడ్డంకి అయితే, జట్టుగా ఆడటం ఇష్టమైతే అమెరికా దారి సరైనది.