కూస్‌లో కార్డినల్ నికోలస్ కట్టించిన ఆశ్రమం

జర్మనీలో మోసెల్ నది ఒడ్డున ఉన్న బెర్న్‌కాస్టెల్-కూస్‌కి ఎక్కువమంది వచ్చేది రీస్లింగ్ వైన్ కోసం. నేను వెళ్లింది 1401లో అక్కడ ఒక పడవల వ్యాపారి ఇంట్లో పుట్టి, క్యాథలిక్ చర్చిలో పోప్ తర్వాతి స్థాయి అయిన కార్డినల్ దాకా ఎదిగిన నికోలస్ కుసానస్ కోసం. భూమి విశ్వానికి కేంద్రం కాదని కోపర్నికస్ పుస్తకానికి వందేళ్ల ముందే, 1440లో రాశాడాయన.

ఊళ్లో రైలు లేదు. విట్‌లిష్ స్టేషన్‌లో దిగి బస్సెక్కాలి. ఆదివారం వెళ్తే బస్సుల వేళలు ముందే చూసుకోండి. బెర్న్‌కాస్టెల్ వైపు కళ ఎక్కువ, అద్దెలూ ఎక్కువే. నేను వంతెనకు ఇవతల, కూస్‌లో ఒక చిన్న గెస్ట్‌హౌస్‌లో దిగాను. గది శుభ్రంగా ఉంది, పొద్దున రొట్టె, చీజ్, పళ్లు కడుపునిండా పెట్టారు. రాత్రి భోజనానికే ఇబ్బంది పడ్డాను, వంటగది తొందరగా కట్టేశారు. శాకాహారులు ఫ్లామ్‌కూఖెన్ అనే పల్చటి కాల్చిన రొట్టెలో పందిమాంసం వేయొద్దని ముందే చెప్పాలి.

ఆయన పుట్టిన ఇంటికి అరగంట చాలు. రోజంతా ఇవ్వాల్సింది సెయింట్ నికోలస్ ఆశ్రమానికి. యాభై దాటిన 33 మంది పేదవాళ్ల కోసం, క్రీస్తు బతికిన ఏళ్ల లెక్కన, 1458లో తన ఆస్తితో స్థాపించాడు. ఇప్పటికీ అది వృద్ధాశ్రమమే, ద్రాక్షతోటలూ ఉన్నాయి. పెద్దవాళ్లు నివసించే చోటు కాబట్టి వరండాల్లో మెల్లగా మాట్లాడండి. ప్రార్థనా మందిరంలో బలిపీఠం మీది చిత్రంలో ఆయన మోకరిల్లి కనిపిస్తాడు. ఆ బలిపీఠం ముందే ఆయన గుండెను పాతిపెట్టారు.

గ్రంథాలయాన్ని గైడ్‌తోనే చూడాలి. ఆ వేళ కనుక్కున్నాకే మిగతా ప్రయాణం ఖాయం చేసుకోండి. మూడొందలకు పైగా రాతప్రతులు, 1444లో న్యూరెంబర్గ్‌లో కొన్న ఖగోళ గోళం అక్కడున్నాయి. వృత్తంలో గీసిన బహుభుజికి ఎన్ని కోణాలు పెంచినా అది ఎప్పటికీ వృత్తం కాదు, మన బుద్ధి సత్యాన్ని అందుకోవడమూ అంతే అంటాడాయన. అలాగని తెలుసుకోవడం మానలేదు. గాలిలో తేమ కొలవడానికి తడి పీల్చి బరువెక్కే ఉన్నిని తక్కెడలో తూచమన్నాడు! 1453లో క్రైస్తవ నగరం కాన్‌స్టాంటినోపుల్ తుర్కుల చేతిలో పడిపోయిన వార్త విని, అన్ని జాతుల జ్ఞానులూ స్వర్గంలో కూర్చుని మతశాంతి గురించి మాట్లాడుకున్నట్టు ఒక గ్రంథం రాశాడు. అందులో ఒక భారతీయుడూ ఉన్నాడు, విగ్రహాల సంగతేమిటని అడుగుతాడు. యుద్ధం పిలుపులు మోగుతున్న ఏడాదిలో మనవాడికీ చోటిచ్చాడని తలచుకుంటే నాకు ఆయన మీద ప్రేమ పుట్టింది.

ఆయన దేహం మాత్రం రోమ్‌లో, సాన్ పియెత్రో ఇన్ వింకోలి చర్చిలో ఉంది. జనమంతా మైకెలాంజిలో మోజెస్ శిల్పం దగ్గరే గుమిగూడతారు. మీరు ఎడమవైపు నడవలోకి కూడా వెళ్లండి, ఆయన సమాధి ఫలకం అక్కడే.