మైనస్ 28లో స్టార్టయింది, మార్చిలో మొండికేసింది

అమెరికాలో, మిన్నెసోటా రాష్ట్రంలోని మినియాపోలిస్ శివారులో ఇల్లు కొన్న ఏడాదే, 2018 అక్టోబర్‌లో, ఈ స్నో బ్లోయర్ (మంచు ఎత్తి పక్కకి విసిరే మెషీన్) కూడా కొన్నాను. 24 అంగుళాల టూ స్టేజ్ మెషీన్ (ముందు బ్లేడ్లు మంచును లోపలికి లాగితే, వెనక ఫ్యాన్ దూరంగా విసిరేస్తుంది), పెట్రోల్ ఇంజన్. తాడు లాగి స్టార్ట్ చెయ్యొచ్చు, వైరు ప్లగ్‌లో పెట్టి బటన్ నొక్కీ చెయ్యొచ్చు. తిట్టాల్సినవి కూడా ఉన్నాయి కాబట్టి కంపెనీ పేరు చెప్పను. ఏడు చలికాలాలు వాడాక రాస్తున్నాను.

కొన్న మూడు నెలలకే పరీక్ష వచ్చింది. 2019 జనవరి 30 తెల్లవారుజామున ఇక్కడ మైనస్ 28 ఫారెన్‌హీట్. మన లెక్కలో మైనస్ 33. ఆ రోజు మా రాష్ట్రంలో పోస్ట్ కూడా పంచలేదు. డ్రైవ్‌వే మీద, అంటే రోడ్డు నుంచి గరాజ్‌కి వచ్చే దారి మీద, గాలికి కొట్టుకొచ్చిన మంచు తప్ప పెద్దగా ఏమీ లేదు, నేను బయటికి వెళ్లాల్సిన పనీ లేదు. కానీ కొత్త మెషీన్ కదా, చెయ్యి ఊరుకోలేదు. గరాజ్ తలుపు ఎత్తి, మెషీన్‌ని బయటికి తోసి, తాడు లాగితే సగం వచ్చి ఆగిపోయింది. ఆ చలికి లోపల ఆయిల్ తేనెపాకంలా అయిపోయింది మరి. వైరు తగిలించి, ఇంజన్‌లోకి కాస్త పెట్రోల్ నెట్టే ప్రైమర్ బుడగ మూడుసార్లు నొక్కి, గాలి తగ్గించే చోక్ పూర్తిగా వేసి బటన్ నొక్కాను. నాలుగు సెకన్లు మూలిగింది, ఓసారి దగ్గింది, అందుకుంది. చోక్ గబుక్కున తీసేస్తే ఆగిపోతుంది. మోత కుదుటపడే కొద్దీ కొంచెం కొంచెంగా తగ్గించాలి.

వీడియో కాల్‌లో చూస్తున్న మా నాన్న, "ఏరా, మన చేలో ఆయిల్ ఇంజన్ కంటే నయమేరా, హ్యాండిల్ తిప్పే పని లేదు" అన్నారు. చలికాలం పొద్దున్నే ఆ హ్యాండిల్ తిప్పి తిప్పి ఆయన భుజం పట్టేసేది.

ఆ ఫిబ్రవరిలో 39 అంగుళాల మంచు పడింది, మా ఊళ్లో ఫిబ్రవరి రికార్డు అదే. మెషీన్ అడ్డం తిరగలేదు. సిటీ వాళ్ల బండి రోడ్డు ఊడ్చి మన డ్రైవ్‌వే మొదట్లో పోసి పోయే గట్టి గుట్ట ఉంటుంది చూడండి, దాన్నీ తినేసింది. మంచులో కూరుకుపోయిన న్యూస్‌పేపర్ కట్ట ఒకసారి బ్లేడ్లలో ఇరుక్కుని, వాటిని ఇరుసుకి బిగించి ఉంచే షియర్ పిన్ తెగింది. అది తెగడానికే పెట్టింది, గేర్‌బాక్స్ బతికింది. రెండు పిన్నులు ఎప్పుడూ దగ్గర ఉంచుకోండి.

ఇక తిట్లు. ఇంజన్ తాళం చిటికెన వేలి గోరంత ప్లాస్టిక్ ముక్క, గ్లోవ్స్‌తో పట్టుకోలేం. ఆ చలిలో గ్లోవ్స్ తీస్తే వేళ్లు మనవి కావు. మూడో చలికాలానికి ప్రైమర్ రబ్బరు బుడగ పగిలిపోయింది. డీలర్‌ని అడిగితే వారంటీలో రాదన్నాడు. షాపులో చూసేటప్పుడు మందపాటి గ్లోవ్స్ తీసుకెళ్లి, వేసుకునే అన్నీ తిప్పి చూడండి. సేల్స్‌మన్ నవ్వితే నవ్వనీ.

అసలు కథ 2024 మార్చిది. ఆ చలికాలం ఇక్కడ రికార్డు వెచ్చదనం, మెషీన్ గరాజ్‌లో ఓ మూల పడి ఉంది. మార్చి చివర్లో ఒక్కసారిగా మంచు దిగింది. అంత చలేం లేదు, స్వెట్టర్‌తో నిలబడొచ్చు. మైనస్ 28లో పలికిన ఇంజన్ ఈసారి ఉలకలేదు, పలకలేదు. కార్బ్యురేటర్ కింది గిన్నె విప్పితే అడుగున పాత వార్నిష్ వాసనతో గోధుమరంగు జిగురు. పెట్రోల్ వెళ్లే జెట్ రంధ్రం, సూది మొన కన్నా సన్నటిది, పూడిపోయి ఉంది. సన్నటి రాగి తీగ దూర్చి, క్లీనర్ కొట్టి, రెండు గంటలు కూర్చున్నాను. ఈలోగా డ్రైవ్‌వే అంతా మా ఆవిడ పారతో ఎత్తేసింది. ఆ మాట ఇప్పటికీ వింటున్నాను.

తప్పు మెషీన్‌ది కాదు, నాది. మామూలు పంపు పెట్రోల్‌లో ఇథనాల్ ఉంటుంది, అది తేమ లాగుతుంది. ఆ నీటిబొట్టు కార్బ్యురేటర్‌లో గడ్డకడితే చలిలో ఇంజన్ రాదు. పెట్రోల్ నెలల తరబడి నిలవుంటే జిగురు. మిన్నెసోటాలో చాలా బంకుల్లో ఇథనాల్ లేని 91 ఆక్టేన్ పెట్రోల్ చిన్న ఇంజన్లకు విడిగా దొరుకుతుంది. ఇప్పుడు అదే పోస్తున్నాను, క్యాన్‌లోకి పట్టిన రోజే, పెట్రోల్ త్వరగా పాడవకుండా చూసే స్టెబిలైజర్ కలిపేస్తాను. ఆయిల్ కూడా సింథటిక్‌కి మార్చాక తాడు మైనస్ 10లో ఒంటిచేత్తో వస్తోంది. పని అయ్యాక రెండు నిమిషాలు బయటే ఖాళీగా తిప్పి లోపలి మంచు వదిలించాలి. లేకపోతే గరాజ్‌లో కరిగి, రాత్రికి మళ్లీ గడ్డకట్టి, తెల్లారేసరికి బ్లేడ్లు బిగుసుకుపోతాయి.

ఈరోజు కొనాల్సి వస్తే? కరెంటు స్టార్ట్ లేనిది చూడను కూడా చూడను. డబ్బుంటే ఫ్యూయల్ ఇంజెక్షన్ది తీసుకుంటా, చోక్ గొడవా ప్రైమర్ బుడగా రెండూ ఉండవు. బ్యాటరీవి చిన్న డ్రైవ్‌వేకి బాగానే పనిచేస్తాయి గానీ, బ్యాటరీని ఇంట్లోనే పెట్టుకోవాలి. గడ్డకట్టే చలిలో లిథియం బ్యాటరీ ఛార్జ్ చెయ్యకూడదు, ఛార్జ్ నిలిచే సమయం కూడా తగ్గుతుంది. మా డ్రైవ్‌వే మూడు కార్ల వెడల్పు, నాకు పెట్రోలే నయం.

దీపావళికి డ్రైవ్‌వే మీద పిల్లలు కాకరపువ్వొత్తులు కాల్చిన మర్నాడు దీన్ని బయటికి తీసి పది నిమిషాలు నడిపిస్తాను. మంచు అప్పటికింకా పడదు. పక్కింటి పెద్దాయన కిటికీలోంచి చూసి, గంటలో తనదీ బయటికి తెస్తాడు.