అత్తయ్యతో సింగపూర్: ముందు మెట్లు చూడండి, తర్వాతే ఊరు

బరంపురంలో మా బంధువులు ఎవరైనా పెద్దవాళ్లను విదేశం తీసుకెళ్లాలనుకుంటే నేను సింగపూర్ పేరే చెబుతున్నాను. మా అత్తయ్యకు డెబ్బై దాటాయి. మోకాళ్లు అరిగి, ఇంట్లోనే వాకర్‌తో నడుస్తారు. తారాతారిణి అమ్మవారి దర్శనానికి 999 మెట్లు ఎక్కలేక రోప్‌వేలోనే వెళ్తారు. అలాంటి మనిషికి గడపలు, మెట్లు, స్నానాల గది ఎలా ఉంటాయన్నదే ముఖ్యం.

విశాఖ నుంచి నేరుగా విమానం ఉంది కాబట్టి మధ్యలో మారే అవస్థ తప్పింది. టికెట్ తీసుకునేటప్పుడు ‘వీల్‌చైర్ కావాలి’ అని ఊరుకోవద్దు. విమాన సంస్థలు ఈ సాయాన్ని మూడు రకాలుగా నమోదు చేస్తాయి. మెట్లెక్కగలిగినా దూరం నడవలేనివారికి ఒకటి. మెట్లెక్కలేకపోయినా విమానంలో సీటు దాకా నడవగలిగేవారికి రెండోది. అసలు నడవలేనివారికి మూడోది. అత్తయ్యకు రెండోది కావాలి. మొదటిది రాసుకుంటే విమానం మెట్ల దగ్గర దింపి ఎక్కమంటారు. కనీసం 48 గంటల ముందే చెప్పి, సరిగ్గా నమోదైందో లేదో మళ్లీ అడగండి.

బస విషయంలో అందరి సలహా లిటిల్ ఇండియా, అంటే అక్కడి భారతీయుల పేట. ఇడ్లీ, సాంబారు, గుడి అన్నీ దగ్గరే అన్నారు. నేను ఒప్పుకోను. అక్కడి పాత దుకాణాల వరుసల్లో ఒక్కో కొట్టు ముందు నడవ ఒక్కో ఎత్తులో ఉంటుంది. చక్రాల కుర్చీ మాటిమాటికీ ఆగిపోతుంది. భోజనానికి వెళ్లి రండి, బస మాత్రం వేరే చోట చూసుకోండి. మేము మెట్రో స్టేషన్ పక్కన పెద్ద హోటల్ తీసుకున్నాం. ‘పెద్దవాళ్లకు అనువైన గది’ అని ఫోనులో మాట ఇచ్చారు. తీరా చూస్తే స్నానానికి మోకాలెత్తు అంచున్న టబ్బు! గట్టిగా అడిగాక గది మార్చారు. డబ్బు కట్టక ముందే స్నానాల గది ఫొటో తెప్పించుకోవాలి.

సిటీ బస్సులు నన్ను కదిలించాయి. డ్రైవరు లేచి వచ్చి, తలుపు దగ్గర మడిచి ఉన్న పలకను చేత్తో తెరిచి నేలకు ఆనిస్తాడు. కుర్చీ లోపలికి వెళ్లి నిలిచేదాకా బస్సు కదలదు. వెనుక జనం ఉన్నా ఎవరూ విసుక్కోలేదు. అత్తయ్య ప్రతిసారీ ఆ డ్రైవరుకు చేతులు జోడించి నమస్కారం పెట్టేవారు. ఎవరో జాలిపడి చేసే సాయంగా కాక, రోజువారీ పనిలో భాగంగా అది జరగడం చూస్తే మన బస్టాండ్లు గుర్తొచ్చి మనసు బాధపడింది. మెట్రోలోనూ ప్రతి స్టేషన్‌లో లిఫ్టు ఉంటుంది. ఫారర్ పార్క్ స్టేషన్‌లో పైకి వస్తే శ్రీనివాస పెరుమాళ్ గుడి దగ్గరే.

గార్డెన్స్ బై ద బే అనే పెద్ద ఉద్యానవనానికి మధ్యాహ్నం దాటాక వెళ్లండి. బయట ఉక్కపోత ఎంత ఉన్నా ఫ్లవర్ డోమ్, క్లౌడ్ ఫారెస్ట్ అనే అద్దాల తోటలు లోపల చల్లగా ఉంటాయి. క్లౌడ్ ఫారెస్ట్‌లోని 35 మీటర్ల కృత్రిమ కొండ పైకి లిఫ్టులోనే వెళ్లవచ్చు. రాత్రి 7.45కీ 8.45కీ సూపర్‌ట్రీల (చెట్ల ఆకారంలో కట్టిన ఎత్తైన నిర్మాణాలు) దీపాల ప్రదర్శన ఉచితం.

మందుల సంగతి మరవద్దు. నిద్రమాత్రల్లో, కోడీన్ (నొప్పికీ దగ్గుకీ వాడే మందు) ఉన్న మందుల్లో కొన్నింటిని సింగపూర్‌లోకి తీసుకెళ్లాలంటే ముందుగా అనుమతి కావాలి. డాక్టరు చీటీ చేతిసంచిలోనే ఉంచుకోండి.