చెన్నై 200 కిలోమీటర్ల బ్రెవే: లాడ్జి దగ్గరే అసలు ఎదురుగాలి

బ్రెవే అంటే గడువులోపు పూర్తి చేయాల్సిన సుదూర సైకిల్ యాత్ర. దానికోసం సైకిల్‌తో చెన్నై వెళ్లేవాళ్లు గది బుక్ చేసేటప్పుడు అద్దె సంగతి తర్వాత అడిగినా ఫరవాలేదు. సైకిల్‌ను గదిలోకి రానిస్తారా లేదా అన్నది ముందు తేల్చుకోవాలి. ఇస్తామన్న మాటను వాట్సాప్‌లో రాతపూర్వకంగా తీసుకోవాలి. ఫోన్‌లో ఒక మాట, కౌంటర్ దగ్గర ఇంకో మాట చెప్పి మా దగ్గర రెండు వేలు మింగేసిన లాడ్జి వల్ల ఇంత గట్టిగా చెబుతున్నాను.

వెళ్లింది ముగ్గురం: నేను, మా బావ, మాకు చిన్నప్పుడు ఫిజిక్సు చెప్పిన మాస్టారు. మాస్టారికి అరవై ఒకటి. 2027లో జరిగే పారిస్-బ్రెస్ట్-పారిస్‌కు వెళ్లాలని ఆయన పట్టుదల. 1891లో మొదలైన ఆ సైకిల్ యాత్రలో 1,200 కిలోమీటర్లను 90 గంటల్లో పూర్తి చేయాలి. అక్కడ అర్హత రావాలంటే ఇక్కడ 200, 300, 400, 600 కిలోమీటర్ల బ్రెవేలు తొక్కాలి. అందుకే ఆయనకు ఒక్క రాత్రి నిద్ర కూడా లెక్కే.

రైలు గురించి ఒక్క ముక్క. విజయవాడలో పొద్దున్నే పినాకిని ఎక్కితే మధ్యాహ్నానికి చెన్నై సెంట్రల్. సైకిళ్లను పార్శిల్ ఆఫీసులో లగేజీగా బుక్ చేస్తే మూడింటికీ కలిపి 291 రూపాయల రశీదు రాశారు. పెడళ్లు ఊడదీసి, హ్యాండిల్ పక్కకు తిప్పి, గొలుసు వైపు అట్టముక్కలు కట్టి, పైన పాత దుప్పటి చుట్టాం. దించిన కూలీకి రెండు వందలు ఇచ్చాం. ఒక్క గీత కూడా పడలేదు. ఈ పద్ధతి నిశ్చింతగా వాడుకోండి.

ఇక లాడ్జి. తిరువాన్మియూర్‌లో ప్రారంభ స్థలానికి రెండు కిలోమీటర్ల దూరం. మూడు మంచాల గది రోజుకు 2,400 అన్నారు. మేనేజరు చక్కటి తెలుగు మాట్లాడాడు. బుక్ చేసేటప్పుడు ఆ తెలుగే మాకు ధైర్యం ఇచ్చింది. సైకిళ్ల సంగతి రెండుసార్లు అడిగితే రెండుసార్లూ ‘నిరభ్యంతరంగా తెచ్చుకోండి సార్’ అన్నాడు. యూపీఐలో రెండు వేలు పంపాం.

సెంట్రల్ నుంచి తొక్కుకుంటూ నాలుగింటికి అక్కడికి చేరాం. అదే మనిషి, అదే తెలుగు. సైకిళ్లు మాత్రం లోపలికి రాకూడదట, టైల్స్ పాడవుతాయట. పక్క సందులో జనరేటర్ దగ్గర పెట్టుకోమన్నాడు. ఆ సందుకు గేటు లేదు, దీపం లేదు. పైగా కాపలా రుసుము అని సైకిల్‌కు రాత్రికి మూడు వందలు అడిగాడు. గేటు లేని సందుకు కాపలా ఎవరు అని అడిగితే జవాబు లేదు.

మాస్టారు ఏమీ మాట్లాడలేదు. భుజం మీది తెల్ల తువ్వాలు తీసి, తన సైకిల్ ముందు చక్రాన్ని మెల్లగా తిప్పుతూ టైరు చుట్టూ ఒత్తి తుడిచారు. వెనక చక్రానిదీ తుడిచారు. తువ్వాలు విప్పి కౌంటర్ మీద పరిచి, ‘ఇందులో మీ టైల్స్‌కు అంటే మరక ఏదో చూపించండి బాబూ’ అన్నారు. సన్నటి బూడిదరంగు గీత తప్ప ఏమీ లేదు. మేనేజరు దానివంక చూడనైనా చూడకుండా ‘ఇక్కడ నిబంధన ఇంతే’ అన్నాడు. ఆ నిబంధన గోడ మీద లేదు, రశీదు మీద లేదు. అడ్వాన్సు తిరిగి ఇమ్మంటే, వద్దనుకున్నది మీరే కాబట్టి ఇవ్వనన్నాడు. బావ గొంతు పెంచాడు. మాస్టారు బావ చెయ్యి పట్టుకుని బయటికి తీసుకొచ్చారు. రెండు వేలు పోయిన దానికన్నా, తన శిష్యుల ముందు ఆయనను అలా నిలబెట్టినందుకు నాకు ఇప్పటికీ మండుతోంది.

తర్వాత ఆరు చోట్ల అడిగాం. ఒకచోట గది ఖాళీ లేదు, ఇంకోచోట ఐదు వేలు. ఎనిమిది దాటాక టీ కొట్టు అతను మా మాటలు విని, రెండు వీధుల అవతల గూడూరు ఆవిడ మెస్ ఉందని చెప్పాడు. కింద మెస్, మీద మూడు గదులు. భవన నిర్మాణానికి వచ్చే నెల్లూరు జిల్లా మేస్త్రీలకు ఇస్తుంటారు. ఒక గది ఖాళీగా ఉంది. మనిషికి మూడు వందల యాభై. మేం అడగకముందే ఆవిడ సైకిళ్ల వైపు చూసి ‘అవి బయట పెట్టకండి నాయనా’ అని, భోజనాల హాల్లో రెండు బల్లలు గోడకు జరిపించి గోనెపట్టాలు పరిచారు. ‘పొద్దున్నే వెళ్లాలి కదా, ఏం తింటారు?’ అని అడిగారు. బావ పొంగలి అన్నాడు. ‘పొంగలి తింటే నిద్ర వస్తుంది. ఇడ్లీ పెడతాను’ అని తేల్చేశారు.

గది గొప్పగా ఏమీ లేదు. ఫ్యాను మోత, ఉమ్మడి బాత్రూం, పలచటి పరుపు. కానీ తెల్లవారుజామున నాలుగున్నరకు కిందికి దిగేసరికి ఇడ్లీ పాత్ర ఆవిరి కక్కుతోంది. తలా ఐదు ఇడ్లీలు, కారప్పొడిలో నువ్వుల నూనె.

బ్రెవే పోటీ కాదు, ర్యాంకులు లేవు. ఫ్రాన్స్‌లోని ఆడాక్స్ క్లబ్ పారిసియన్ నియమాల ప్రకారం 200 కిలోమీటర్లకు పదమూడున్నర గంటలు. దారిలో మన తిండి, మన పంక్చరు మనవే. కంట్రోల్ దగ్గర, అంటే దారిలోని తనిఖీ కేంద్రం దగ్గర, కార్డు మీద ముద్ర వేయించుకోవాలి. ఆరింటికి బయలుదేరి ఈస్ట్ కోస్ట్ రోడ్డు మీదుగా కడపాక్కం వైపు వెళ్లి తిరిగి రావాలి. ముట్టుకాడు వంతెన, మొసళ్ల పార్కు, మహాబలిపురం వరకు నిద్రలో నడిచినంత తేలిక. రాత్రి కోపమంతా బావ కాళ్లలోకి దిగింది, మాకు అందకుండా పోయాడు. వంద కిలోమీటర్ల కంట్రోల్ పన్నెండు నలభైకి మూసేస్తారు, మేం పది ఇరవై ఐదుకే చేరాం. అక్కడికి దగ్గర్లోనే 1760లో ఇంగ్లీషువాళ్లు కూలగొట్టిన ఆలంపరై కోట ఉంది. గడియారం నడుస్తుండగా చూడలేం, దానికి వేరే రోజు పెట్టుకోండి.

తిరుగు దారిలో తెలిసింది ఈ రోడ్డు స్వభావం. డిసెంబరు, జనవరి నెలల్లో ఇక్కడ గాలి ఈశాన్యం నుంచి వీస్తుంది. పోయేటప్పుడు వీపున తోసిన గాలే వచ్చేటప్పుడు మొహాన కొడుతుంది. పొద్దున వచ్చిన వేగాన్ని నమ్మి తిరుగు ప్రయాణం లెక్క వేసుకోకూడదని మాస్టారు ముందే హెచ్చరించారు. ఉప్పుటేరుల పక్కన చెట్టు అనేది లేనిచోట గంటకు పదమూడు కిలోమీటర్లు దాటలేదు. బావ ఒక కొబ్బరిబోండాల బండి దగ్గర కూర్చుని ఇక లేవనన్నాడు. మూడు బోండాలు, నూట ఎనభై రూపాయలు. అప్పుడే షోళింగనల్లూరు ఐటీ కంపెనీల్లో పనిచేసే నలుగురు తెలుగు కుర్రాళ్లు వచ్చారు. ‘వెనకాల పట్టుకోండి అన్నా, మేం గాలి కాస్తాం’ అని వంతులవారీగా ముందు తొక్కారు. మాస్టారు కూడా తన వంతు వదల్లేదు. ముందువాడి చక్రానికి మూరెడు దూరంలో ఉంటే గాలి సగం తగ్గినట్టే ఉంటుంది. ఆ పిల్లలు లేకపోతే బావ బస్సులో వచ్చేవాడు. ఐదు ముప్పై ఐదుకు ముగించాం. అయినా దీపాలు, మెరుపు జాకెట్టు లేకుండా వెళ్లకండి. ఆరింటికే చీకటి పడుతుంది.

రాత్రి మెస్‌లో నిన్న వండి ఉంచిన నెల్లూరు చేపల పులుసు. పులుసు ముక్కలోకి పూర్తిగా దిగింది. బావ నాలుగుసార్లు అన్నం పెట్టించుకున్నాడు. శాకాహారి అయిన మాస్టారికి ఆవిడ ప్రత్యేకంగా కందిపచ్చడి నూరి, చారు కాచారు. రెండు రాత్రుల గది, తిండి అన్నీ కలిపి ముగ్గురికి 3,060. పొద్దుటి ఇడ్లీలకు డబ్బు తీసుకోనే లేదు.

ఎంట్రీ ఫీజు మనిషికి ఐదు వందలు. రైలు టికెట్లు మినహా, పోయిన రెండు వేలతో సహా ముగ్గురి ఖర్చు ఏడు వేలు దాటింది. లాడ్జికి మూడు సందేశాలు పంపాను, చదివినట్టు గుర్తు కనిపిస్తోంది, జవాబు లేదు. యూపీఐ రశీదు, కాల్ వివరాలు జతచేసి వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915లో ఫిర్యాదు పెట్టాను. 300 కిలోమీటర్ల బ్రెవేకు గూడూరు ఆవిడ గదే చెప్పుకున్నాం. ఈసారి ఇరవై గంటలు, కాబట్టి తిరిగి వచ్చేసరికి అర్ధరాత్రి దాటవచ్చని ముందే చెబితే, తలుపు తాళం రెండోది ఇస్తానన్నారు.